చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టాలంటే ఎవరిని కలవాలి?

ప్రశ్న:
నమస్కారం. మాది హనుమకొండ. నిరుడు ఉద్యోగ విరమణ చేసినప్పటి నుంచి ఊరికి పనికొచ్చే పని ఏదైనా చేయాలని ఉంది. రెండుసార్లు మొక్కలు నాటడానికి వెళ్ళాను కానీ, నీళ్ళు పోసేవారు లేక అవి వేసవిలో ఎండిపోవడం చూసి మనసు చివుక్కుమంది. అంధ విద్యార్థులకు స్క్రైబ్‌లు, అంటే వాళ్ళు చెప్పే జవాబులను పరీక్షలో రాసిపెట్టేవారు, దొరకడం లేదని ఈమధ్య విన్నాను. నేను ఎం.కామ్. చదివాను, చేతిరాత బాగుంటుంది. ఎవరిని కలవాలి, ముందుగా ఏమి నేర్చుకోవాలి?

మొదటి జవాబు:
మీ దగ్గరి డిగ్రీ కళాశాలలో అడగండి. అయితే ముందుగా ఆ పరీక్ష నిబంధనలు చదవాలి. అభ్యర్థి స్వయంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అలాంటి షరతు ఉన్నచోట మీ ఎం.కామ్. అడ్డు కావచ్చు.

ఇక రాసేటప్పుడు, విద్యార్థి చెప్పింది తప్పని తెలిసినా చెప్పినట్లే రాయాలి. నా మొదటి పరీక్షలో ఆ అబ్బాయి ఒక సంవత్సరం తప్పు చెప్పగానే నా కలం ఒక్క క్షణం ఆగింది. ఆ చప్పుడు ఆగడం విని, "ఎందుకు ఆగారండీ?" అని అడిగాడు. నా మౌనమే అతనికి సూచన అయిపోయిందని అప్పుడు తెలిసింది.

రెండో జవాబు:
నేను చూపులేని బి.కామ్. విద్యార్థినిని. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు కాబట్టి, మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు కూర్చోగలిగితేనే ఒప్పుకోండి. ఒకసారి నా స్క్రైబ్ ముందురోజు రాత్రి రానని చెప్పడంతో ఆ పేపరే రాయలేకపోయాను.

మేడమ్, మీకు అర్హత అడ్డు వచ్చినా మాకు మరో అవసరం ఉంది. పుస్తకాలను ఫొటోలుగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలో పట్టికలను, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సరిగా చదవలేదు. ఆస్తి అప్పుల పట్టికలో ఏ అంకె ఏ పద్దుదో, ఏ వైపుదో వివరించి చదవాలంటే అకౌంట్స్ తెలిసినవారే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆ పని నేను చేయగలనమ్మా. ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు చదివి రికార్డు చేస్తాను. ఏ అధ్యాయంతో మొదలుపెట్టమంటావో చెప్పు.