శుక్రుడి మంటకి కారణం ప్రెషరా, కార్బన్ డయాక్సైడా?

గాజువాక ఫిట్టర్:
మావాడు రాత్రి సైన్సు పాఠం బట్టీ కొడుతున్నాడు. శుక్రగ్రహం నేల మీద 460 డిగ్రీల పైనే వేడట, గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ వల్లట, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వదట. నాకు ఎక్కలేదు. అక్కడి గాలి ప్రెషర్ మనకంటే 90 రెట్లు ఎక్కువ. గాలిని నొక్కితే వేడెక్కుతుందని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నడుస్తున్న కంప్రెసర్ హెడ్ మీద చెయ్యేస్తే తోలు ఊడొస్తుంది. మార్స్ చూడండి. అక్కడి గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే, అయినా సగటున మైనస్ 60. గ్యాస్ ఒకటే, ప్రెషర్ వేరు. మరి వేడి ఎవరిది? కాదన్నవాళ్లు లెక్క చెప్పండి, తిట్లు వద్దు.

రుషికొండ డైవర్:
అన్నా, నీ కంప్రెసర్ దగ్గరే మాట్లాడుకుందాం. మేం స్కూబా సిలిండర్లకి 200 బార్ దాకా గాలి ఎక్కిస్తాం (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్). శుక్రుడి నేల మీద ఉన్నదానికి రెట్టింపు పైమాటే. ఎక్కిస్తున్నంతసేపూ సిలిండర్ వేడెక్కుతుంది, నిజం. నీడలో పెట్టి వదిలేస్తే చల్లారిపోతుంది. గేజ్ ముల్లు కూడా కాస్త దిగుతుంది, మళ్లీ కొంచెం ఎక్కించుకోవాలి. మర్నాడు పొద్దున్న వీపుకి తగిలించుకుంటే చల్లగా తగులుతుంది. ప్రెషర్ లోపలే ఉంది, వేడి మాత్రం పోయింది. నొక్కుతున్నప్పుడు పుట్టే వేడి, నొక్కి ఉంచితే పుట్టదు. శుక్రుడి గాలిని ఇవాళ ఎవరూ కొత్తగా నొక్కడం లేదు కదా!

గాజువాక ఫిట్టర్:
సిలిండర్ మాట బాగుంది, మార్స్‌ని దాటేశావు తమ్ముడూ. ఇంకోటి విను. శుక్రుడి మీద 50 కిలోమీటర్ల ఎత్తున ప్రెషర్ మన దగ్గర ఉన్నంతే, వేడి 75 డిగ్రీలు. కిందికి దిగేకొద్దీ రెండూ కలిసే పెరుగుతాయి. దీనికేమంటావు?

ఎంవీపీ మాస్టారు:
రెండూ మంచి ప్రశ్నలే ఫిట్టర్‌గారూ. దిగే గాలి నలిగి వేడెక్కుతుంది, లేచే గాలి విచ్చుకుని చల్లబడుతుంది. విశాఖలో చెమటలు పడుతుంటే లంబసింగిలో స్వెట్టర్ తీయాల్సి రావడం అందుకే. సింహాచలం మెట్లు ఊహించుకోండి. ఒక్కో మెట్టు ఎత్తు, అంటే కిలోమీటరు దిగితే పెరిగే వేడి, ఎంతో తేల్చేవి గురుత్వాకర్షణ, గాలి గుణం. ఎన్ని మెట్లు ఉండాలో తేల్చేది ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే వేడెక్కిన నేల వదిలే కంటికి కనపడని కిరణాలని, పట్టే గ్యాస్.

ఎలాగంటే, శుక్రుడికి మనకంటే దాదాపు రెట్టింపు ఎండ అందుతుంది గానీ తెల్లటి మబ్బులు అందులో నాలుగింట మూడు వంతులు తిప్పికొట్టేస్తాయి. మిగిలేది భూమి పుచ్చుకునేదానికంటే తక్కువే. ఆ లెక్కన అక్కడ మైనస్ 40 చుట్టుపక్కల ఉండాలి. ఉంది కూడా, 65 కిలోమీటర్ల పైన! వేడి అంతరిక్షంలోకి తప్పించుకునేది ఆ ఎత్తు నుంచే, కింద నుంచి గ్యాస్ వదలదు. అక్కడి నుంచి నేల దాకా కిలోమీటరుకి ఏడెనిమిది డిగ్రీల చొప్పున దిగుతూ రండి, 460 దగ్గర తేలతారు. భూమికి ఆ ఎత్తు 5 కిలోమీటర్లే, అక్కడ మైనస్ 18, నేల మీద సగటున 15. అదే బరువున్న గాలి ఇన్‌ఫ్రారెడ్‌కి అసలు అడ్డురాకపోతే వేడి నేల నుంచే నేరుగా పోతుంది. అప్పుడు ఎక్కడానికి మెట్లే ఉండవు.

ఇక మార్స్. ఇక్కడ మీరు సగం నెగ్గారు. చదరపు మీటరు నేలకి లెక్క కడితే కార్బన్ డయాక్సైడ్ మార్స్ మీద మనకంటే 20 రెట్లకు పైనే ఎక్కువ. అయినా అది పెంచే వేడి ఐదు డిగ్రీలు, అంతే. ఫిషింగ్ హార్బర్‌లో వలలు చూశారుగా? ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టే గ్యాస్ కూడా అలాంటి వలే. అంత పలచటి గాలిలో వల దారాలు సన్నం, కళ్లు పెద్దవి. అణువులు ఒకదాన్నొకటి గుద్దుకునేకొద్దీ దారాలు లావెక్కి కళ్లు మూసుకుంటాయి. ప్రెషర్ చేసే పని అది. పైగా మార్స్ గాలిలో నీటి ఆవిరి లేనట్టే. మనకి వల అల్లిపెట్టేది ముఖ్యంగా ఆవిరే.

అప్పుఘర్ అమ్మాయి:
ఆ ఆవిరి సంగతి మే నెలలో మా డాబా మీద పడుకున్నవాళ్లని అడగండి మాస్టారూ, తెల్లారినా చల్లబడదు. అసలు గ్రీన్‌హౌస్ అనే ఆ పేరే తప్పు కాదా? బీచ్ రోడ్డులో ఎండలో పెట్టిన కారు మరిగిపోయేది వేడి గాలి బయటికి పోలేక. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లోనే ఒక పెట్టెకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు, ఇంకోదానికి దాన్ని బయటికి పోనిచ్చే రాతి ఉప్పు మూత పెట్టి చూస్తే పెద్ద తేడా రాలేదు.

ఎంవీపీ మాస్టారు:
పేరు తప్పేనమ్మా. ఆ తప్పు పట్టుకుని విషయమే అబద్ధం అనేవాళ్లతోనే నా గొడవ.

గాజువాక ఫిట్టర్:
పొద్దున్న షెడ్డు తీయగానే చూశాను. రాత్రి 8 బార్ దగ్గర ఆపేసిన ట్యాంకు. చెయ్యేస్తే చల్లగానే ఉంది. వల సంగతిలో ప్రెషర్ వాటా మాత్రం వదలను. కానీ మావాడి పుస్తకంలో మెట్లూ లేవు, వలా లేదు, గాజు ఇల్లు బొమ్మ ఒక్కటే ఉంది. పరీక్షలో ఏం రాయమంటారు మాస్టారూ?