‘గీత కార్మికుడు’: ఇది ఏ గీత?

పరకాల నుంచి:
కల్లు తీసేటోళ్లను పేపర్లల్ల ‘గీత కార్మికులు’ అని రాస్తరు. చెట్టు మీద గీతలు పడతయి గనుక ఆ పేరా?

జనగామ నుంచి:
గీతలు పడుడు కాదన్నా, గీసుడు. నేయు–నేత, మేయు–మేత, కోయు–కోత ఎట్లనో, గీయు–గీత అట్ల. పని పేరు. గడ్డం గీసుకునుట్ల ఉన్నది గూడ ఇదే: పైపైన పలుచగ తీసుడు. కాగితం మీది గీతదీ అదే ధాతువు, కాకపోతే అక్కడ పనికి కాకుండ అది వదిలిన గుర్తుకు పేరైంది.

ఈ ‘పలుచగ’ అన్నదాంట్లనే అసలు సంగతున్నది. తాటి పూగెల కొనను పొద్దున, మాపు ఆకుమందం గీసి లొట్టి (కల్లు కుండ) కడతరు. మందంగ తీస్తే గెల తొందరగ అయిపోతది. పూట తప్పితే గీసిన మొఖం ఎండి ధార తగ్గుతది, వరుసగ తప్పితే మూసుకపోతది. కత్తి మొద్దుబారితే నార నలిగి రసం సరిగ దిగదు. అందుకే దీన్ని కోత అనలేదు.

హుజూరాబాద్ నుంచి:
తాటికి సరే. ఈతకు గెలతోని పనిలేదు. చలికాలంల మొవ్వు (చెట్టు కొన చిగురు) కింద ఒకపక్క మట్టలు తీసి, మెత్తటి భాగం తేలేదాక కాండాన్నే చెక్కి గీస్తరు. రసం లొట్టిలకు నడిచేటందుకు కింద చిన్న పుల్ల నాటుతరు. లోతు ఎక్కువైతే మొవ్వు దెబ్బతిని చెట్టే పోతది. ఒక ఏడు ఈ పక్క, మరుసటేడు ఎదురుపక్క. ముసలి ఈతచెట్టు మెట్లు మెట్లుగ కనబడేది ఇందుకే. పరకాల అన్న అడిగిన గీతలు కావాలంటే అక్కడ దొరుకుతయి!

పరకాల నుంచి:
బాగుంది. మరి కల్లు? రాయిని గూడ కల్లంటరు గద.

హనుమకొండ నుంచి:
రెండూ వేరే మాటలు. తమిళంల రాయి ‘కల్’, తాగేది ‘కళ్’. తెలుగుల ఈ మాటల ళ కాస్త ల అయి రెండూ ఒక్కటైనయి. కల్లుప్పుల ఉన్నది రాయి. ఇంగ్లీషు ‘టాడీ’ది ఇంకో దారి, హిందీ ‘తాడీ’ నుంచి పోయింది, దాని మూలం సంస్కృత ‘తాల’.

జనగామ నుంచి:
తాడు గూడ అంతే. తాటిచెట్టూ తాడే, కట్టేదీ తాడే, రెండింటికీ బహువచనం తాళ్లే. గీసేటోళ్లకు మాత్రం తికమక లేదు. చెట్టేమో తాడు, ఎక్కేటందుకు వాడేది మోకు.