జంత్రపుఁ గీలా, యంత్రపుఁ గీలా?

గంటం:
మా కార్యాలయంలో 31 ఏళ్లు పరిపాలన విభాగం చూసిన పెద్దాయన ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. ఈలోగా డైరెక్టర్లు ఐదుగురు మారారు. ప్రతి నెలా 28న జీతాల పట్టీ సంతకానికి వెళ్లడం మాత్రం మారలేదు. వీడ్కోలు సభలో సుమతి పద్యం ‘మంత్రిగలవాని రాజ్యము’ చదవాలని ఉంది. నాలుగో పాదం ‘యంత్రపుఁ గీలూడినట్లు’ అనా, ‘జంత్రపు’ అనా? రెండు రోజులుగా నాలుక మీదే ఆడుతోంది.

తాటాకు:
జంత్రమే. పద్యం మొత్తం ఇది: ‘మంత్రిగలవాని రాజ్యము / తంత్రము సెడకుండ నిలుచుఁ దఱచుగ ధరలో / మంత్రివిహీనుని రాజ్యము / జంత్రపుఁ గీలూడినట్లు జరుగదు సుమతీ’. ‘జరుగదు’తో యతి జకారానికే చెల్లుతుంది, యకారానికి కాదు. ప్రాస రెండింటితోనూ కుదురుతుంది కాబట్టే ఈ పొరపాటు.

పచ్చతోరణం:
యతి తేలింది, అర్థం తేలలేదు. జంత్రమంటే యంత్రమే కాదు, వాద్యం కూడా. జంత్రగాత్రాలు అంటాం కదా! వీణకు తీగ బిగించే బిరడా సడలితే తీగ శ్రుతిలో నిలవదు. వాయించేవారు ఎంతటివారైనా రాగం పలకదు. రాజు రాగం ఎత్తుకుంటాడు, మంత్రి శ్రుతి నిలుపుతాడు. రెండో పాదంలోని ‘తంత్రము’లో తీగ కూడా వినిపిస్తోంది నాకు.

తాటాకు:
అందంగా ఉంది కానీ ఒప్పుకోలేను. బిరడా సడలుతుంది, కీలు ఊడుతుంది. పైగా ‘జరుగదు’ అన్నాడు, ‘పలకదు’ అనలేదు. కదిలే యంత్రమే కవి మనసులో ఉంది.

పచ్చతోరణం:
జరగనిది రాజ్యం, జంత్రం కాదు. అన్వయం మరోసారి చూడండి, తాటాకు గారూ.

ఇరుసు:
మీరిద్దరూ కీలు దగ్గరే ఆగారు. ‘నిలుచుఁ దఱచుగ ధరలో’ అన్నాడు. ఆ ‘తఱచుగ’ యతి కోసం వేసిన మాట కాదని నా గట్టి నమ్మకం. మంత్రి ఉంటే రాజ్యం తరచుగా నిలుస్తుంది, ఎల్లప్పుడూ కాదు. ఎటు వెళ్లాలో రాజుకు తెలియకపోతే ఎంత మంచి మంత్రి మాత్రం ఏం చేస్తాడు? ధాతువులే చెబుతున్నాయి: నాయకుడిలో ఉన్నది ‘నీ’, తీసుకువెళ్లడం. నిర్వాహకుడిలో ఉన్నది ‘వహ్’, మోయడం.

గంటం:
మా పెద్దాయన మోశారు, సరే. కానీ కొత్త డైరెక్టరు వచ్చిన ప్రతిసారీ మొదటి ఆరు నెలలు దారి చూపిందీ ఆయనే. ఆయన్ను ఏ ధాతువు కింద రాయాలి?

పచ్చతోరణం:
దానికి తిక్కన దగ్గరకు వెళ్లాలి. ఉద్యోగపర్వంలో కృష్ణరాయబారం చదవండి. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్నవాడు రాసిన రాయబారం అది! ఎవరితో ఎంత మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో కొలువులో కూర్చున్నవాడికే అంత తెలుస్తుంది. ఇక యుద్ధంలో ధర్మరాజు రాజు, ధృష్టద్యుమ్నుడు సేనాపతి, కృష్ణుడి చేతిలో ఉన్నవి పగ్గాలే. నడిపించింది ఎవరు?

తాటాకు:
తిక్కన మాట వస్తే నేనూ ఆగలేను. ‘నీ’, ‘వహ్’ రెండూ సారథిలో కలిసిపోయాయి, నిజమే. కానీ రథానికైనా చీల ఊడితే చక్రం పోతుంది. కాబట్టి కీలు యంత్రానిదే.

పచ్చతోరణం:
రథం మీరు తెచ్చారు. పద్యంలో లేదు.

ఇరుసు:
‘తఱచుగ’ గురించి ఎవరూ మాట్లాడరేం?

గంటం:
సభ శుక్రవారం. ‘జంత్రపు’ అనే చదువుతాను. వాద్యమా, యంత్రమా అని ఆయననే అడుగుతాను. ఆయన వీణ నేర్చుకున్నారు.