ప్రీసీజన్ ఫుట్‌బాల్ పందాల్లో కోచ్ పట్టుదలకు ఎంత విలువ ఇవ్వవచ్చు?

రుషికుల్య (బరంపురం):
పెద్దలకు నమస్కారం. న్యూజెర్సీలో స్థిరపడిన మా బావగారు, అక్కడ పందాలు చట్టసమ్మతం కనుక, ఆగస్టులో జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రీసీజన్ (అసలు సీజన్‌కు ముందటి సన్నాహక) ఆటలపై కొద్దిపాటి సొమ్ము కాస్తుంటారు. ఈ ఆటలు సీజన్ గెలుపోటముల పట్టికలో లెక్కకు రావు కాబట్టి జట్ల బలాబలాలు చూడనక్కరలేదనీ, ఏ కోచ్‌కు గెలవాలన్న పట్టుదల ఉందో తెలిస్తే చాలుననీ ఆయన వాదన. అందుకు ఎప్పుడూ బాల్టిమోర్ రేవెన్స్ జట్టునే నిదర్శనంగా చూపుతారు. మన దేశంలో 2025 చట్టం తరువాత డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలు నిషిద్ధం కనుక ఇక్కడి నుంచి కాసే ఆలోచన నాకు లేదు. ఆ వాదన నిలుస్తుందా అన్నదే నా సందేహం.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
సగమే నిలుస్తుందండీ. జాన్ హార్బా శిక్షణలో రేవెన్స్ 2016 నుంచి వరుసగా 24 ప్రీసీజన్ ఆటలు గెలిచి, కోచ్ విన్స్ లొంబార్డీ నాటి గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు పేరిట ఉన్న 19 విజయాల రికార్డును దాటింది. 2023 ఆగస్టులో వాషింగ్టన్ చేతిలో 28-29 తేడాతో ఓడాకే ఆ వరుస తెగింది. దీన్నంతా కోచ్ పట్టుదల ఖాతాలో వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. ప్రధాన ఆటగాళ్లు కాసేపటికే బెంచీ మీదికి వెళ్లిపోయే ఆటను తేల్చేది, చివరికి మిగిలే 53 మందిలో చోటు కోసం ప్రాణం పెట్టి ఆడే రెండో, మూడో వరుస కుర్రాళ్లు. కోచ్ మనసులో ఏమున్నా, ఆ వరుసలు గట్టిగా ఉన్న జట్టుకే మొగ్గు ఉంటుంది.

నిర్లిప్తతను కూడా ఇలాగే తప్పుగా చదువుతుంటారు. లాస్ ఏంజెలెస్ రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే తన ప్రధాన ఆటగాళ్లను ప్రీసీజన్‌లో దాదాపుగా దింపడు. 2021లో రామ్స్ మూడు ఆటలూ ఓడి, అదే సీజన్‌లో టైటిల్ పోరైన సూపర్ బౌల్ గెలిచింది. 2008లో డెట్రాయిట్ లయన్స్ నాలుగింటికి నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో పదహారూ ఓడింది. మన క్రికెట్ జట్టు ఆడే సన్నాహక మ్యాచ్ స్కోరు చూసి టెస్టు ఫలితం ఎవరు ఊహిస్తారు?

నాగావళి (రాయగడ):
'పట్టుదల ఉందా?' అని కాక 'ఈ వారం కోచ్‌కు ఏమి అవసరం?' అని అడిగితే మేలు. రెండో క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే ఆటగాడు) స్థానానికి ఇద్దరు పోటీపడుతుంటే, ఆట చివరి పావుభాగంలో కూడా నిజమైన పాస్‌లు విసిరేవాడు మైదానంలో ఉంటాడు. ప్రత్యర్థితో ఆ వారమే సంయుక్త సాధన జరిగి ఉంటే, అక్కడే పని పూర్తయింది కనుక ముఖ్యులను ఆటకు దూరంగా ఉంచే అవకాశం ఎక్కువ. 2021 నుంచి ప్రీసీజన్‌లో ఓవర్‌టైమ్ లేదు, స్కోర్లు సమమైతే ఆట అలాగే ముగుస్తుంది. ఏడు పాయింట్లు వెనుకబడి ఆఖరి క్షణాల్లో ఆరు పాయింట్ల టచ్‌డౌన్ చేసిన జట్టు కోచ్, కుర్రాళ్లను పరీక్షించడానికి ఒక పాయింటు కిక్ వదిలేసి రెండు పాయింట్ల ప్రయత్నానికి దిగితే, ఆ జట్టు గెలుపుపై కాసినవారి సొమ్ము ఒక్క ఎత్తుగడకు వేలాడుతుంది. అతనికి పట్టింపు లేకపోవడమే అక్కడ ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అదే ఏడాది నుంచి ఆటలు నాలుగు కాక మూడే కావడంతో, మూడో ఆటలో ముఖ్యులు ఎక్కువసేపు ఆడతారన్న పాత లెక్క కూడా చెల్లదు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
ఇంకొక్క మాట. ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ఆడడని కోచ్ విలేఖరులతో అన్న కాసేపటికే బుకీలు స్ప్రెడ్ (పందెం కోసం ఇరుజట్ల మధ్య వారు నిర్ణయించే పాయింట్ల తేడా) మార్చేస్తారు. ప్రీసీజన్‌లో పందెం పరిమితులనూ తగ్గించి ఉంచుతారు. వంద డాలర్లు గెలవడానికి నూటపది పెట్టే పద్ధతిలో పందాల్లో 52.4 శాతం సరిగ్గా చెబితేగానీ పెట్టుబడి వెనక్కు రాదు. మీ బావగారు కోచ్ ప్రకటనకు ముందు కాస్తారో తరువాత కాస్తారో, స్ప్రెడ్ ఎంత ఉన్నప్పుడు కాస్తారో కనుక్కోగలరా?

రుషికుల్య (బరంపురం):
అడిగానండీ. తరువాతేనట. స్ప్రెడ్ ఎంతో రాసిపెట్టుకోలేదట. గెలిచిన ఆటలు మాత్రం వరుసగా ఒప్పజెప్పారు.