దసరాకి అమ్మానాన్నలతో హాంకాంగ్: ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. అక్టోబరులో అమ్మానాన్నలని హాంకాంగ్ తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఆయనకి ఏం పెట్టినా తింటారు, ఎంత దూరమన్నా నడుస్తారు. వచ్చిన చిక్కల్లా అమ్మతోనే. గుడ్డు కూడా ముట్టదు, పైగా మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ చూడండి: ఒకరోజు డిస్నీలాండ్, ఒకరోజు ఓషన్ పార్క్, ఒకరోజు పీక్ అనే కొండ మీదికెళ్లే ట్రామ్, పెద్ద బుద్ధుడి విగ్రహం, షాపింగ్ అన్నీ కలిపి, చివరి రోజు పడవ మీద పక్కనున్న మకావ్. చదువుతుంటేనే నాకు కాళ్లు పీకాయి. బస చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో అయితే చవక, మన భోజనం కిందే దొరుకుతుంది అంటున్నాడు. వీసా అక్కర్లేదంట, కానీ ఏదో రిజిస్ట్రేషన్‌కి మనిషికింత అని అడుగుతున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి.

పాస్‌పోర్ట్_పంతులు:
ముందు ఆ డబ్బులు ఇవ్వకండి. మన పాస్‌పోర్ట్‌కి వీసా లేకుండా ఒక్కోసారి 14 రోజుల వరకు ఉండనిస్తారు, కాకపోతే 2017 జనవరి నుంచి బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది పూర్తిగా ఉచితం. హాంకాంగ్ ఇమిగ్రేషన్ వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే చేయండి, గూగుల్‌లో వెతికితే అచ్చం అలాంటి పేర్లతోనే ప్రైవేటు సైట్లు పైన కనిపిస్తాయి, అవి డబ్బులు గుంజేవి. ముగ్గురికీ విడివిడిగా చేయాలి. ఫలితం మామూలుగా అప్పటికప్పుడే వస్తుంది, వచ్చిన స్లిప్‌ని తెల్ల ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి ఎవరిది వాళ్లు సంతకం పెట్టుకోండి. ఆరు నెలలు చెల్లుతుంది. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా కొట్టండి, మనవాళ్లకి సగం తలనొప్పులు అక్కడే. అలాగని స్లిప్ ఉంటే చాలనుకోవద్దు, దిగాక కౌంటర్‌లో రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగ్ అడగొచ్చు, పెద్దవాళ్ల కాగితాలు కూడా మీ దగ్గరే ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

కౌలూన్_కోడలు:
నేను ఇక్కడే ఉంటున్నాను అండి, మా అత్తమామలు, అమ్మావాళ్లు వచ్చినప్పుడల్లా ఇదే పని నాకు. డిస్నీలాండ్, ఓషన్ పార్క్ రెండూ తీసేయండి. పిల్లల్లేకుండా అక్కడికెళ్లి పెద్దవాళ్లు చేసేది బెంచీ వెతుక్కోవడమే.

మీ నాన్నగారు ఆర్టీసీ అన్నారు కదా, ఈ ఊళ్లో ఎక్కే బండ్లే ఆయనకి అసలు టూరు. ఎయిర్‌పోర్ట్ నుంచే మొదలుపెట్టండి, రైలు కాకుండా ఏ21 బస్సు ఎక్కండి, డబుల్ డెక్కర్, సామాన్లకి కింద అరలుంటాయి, నేరుగా కౌలూన్ వైపున్న నేథన్ రోడ్డు మీదుగా వస్తుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే మరీ మంచిది. తర్వాత ట్రామ్. 1904 నుంచి నడుస్తున్నాయి, రెండంతస్తులవి, దూరం ఎంతైనా ఒకటే చార్జీ, వెనక నుంచి ఎక్కి దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బులు కట్టాలి. నార్త్ పాయింట్ వెళ్లే బండి ఎక్కండి, చివర్లో చున్ యూంగ్ స్ట్రీట్ కూరగాయల మార్కెట్ మధ్యలోంచి వెళ్తుంది. పట్టాల మీదే జనం బేరాలాడుతుంటారు, డ్రైవర్ గంట కొడితే బుట్టలు పట్టుకుని ఇటో అడుగు అటో అడుగు జరిగి, బండి పోగానే మళ్లీ మూసేసుకుంటారు. మా మామగారు అది చూసి డ్రైవర్‌కి దండం పెట్టారు! ఒక్క మాట, పైకెళ్లే మెట్లు ఇరుకు, మెలి తిరిగి ఉంటాయి, అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి. ఆ మార్కెట్‌లో చేపల వాసన గట్టిగానే ఉంటుంది, అదీ చెప్పి తీసుకెళ్లండి.

కౌలూన్ నుంచి హాంకాంగ్ ద్వీపానికి దాటించే పడవ, స్టార్ ఫెర్రీ, ఎలాగూ ఎక్కుతారు. ఆ కంపెనీని 1888లో మొదలుపెట్టింది మన బొంబాయి వైపు నుంచి వచ్చిన దొరాబ్జీ నవరోజీ అనే పార్సీ ఆయన. ఒడ్డు చేరేటప్పుడు నీలం చొక్కా మనిషి కొక్కెం ఉన్న కర్రతో తాడు అందుకోవడం చూడండి, చెక్క సీట్ల వీపుని అటూ ఇటూ తిప్పుకుని ఎటు కావాలంటే అటు కూర్చోవచ్చు. కౌలూన్ ఒడ్డున చిమ్ షా చూయ్ నుంచి ద్వీపం వైపు సెంట్రల్‌కి రాత్రిపూట వెళ్లండి. ఎనిమిదింటికి లైట్ల షో ఉంటుంది, నన్నడిగితే అందులో పెద్ద సరుకు లేదు, ఆ ఎదురుగా కనిపించే భవనాల వరసే అసలు చూడాల్సింది.

అమ్మగారి కోసం ఒక పూట పూర్తిగా వాంగ్ తాయ్ సిన్ గుడికి పెట్టండి. మెట్రో దిగితే గుడే. జనం మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలో వెదురు పుల్లలు గలగలలాడిస్తుంటారు, ఒక పుల్ల బయటికి జారి పడితే దాని మీది నంబరు చూపించి జాతకం చెప్పించుకుంటారు, అమ్మగారు అక్కడి నుంచి కదలరు. తర్వాతి స్టేషన్ డైమండ్ హిల్, అక్కడ చీ లిన్ సన్యాసినుల మఠం, మేకు కొట్టకుండా దూలాలు ఒకదాన్లో ఒకటి దిగేసి కట్టిన చెక్క మండపాలు. పక్కనే నాన్ లియన్ తోట, రెండింటికీ టికెట్టు లేదు. తోటలో జలపాతం వెనకాల బౌద్ధుల శాకాహార హోటల్ ఉంది, భోజనం అక్కడ చేయించండి.

చిల్లర_లెక్క:
పైన చెప్పినవాటితో ఒప్పుకుంటా, చుంగ్‌కింగ్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదేంటి? పెద్దవాళ్లతో వద్దు బ్రో. 17 అంతస్తులు, ఐదు బ్లాకులు, బ్లాకుకి రెండే చిన్న లిఫ్టులు, ఒకటి సరి అంతస్తులకి, ఒకటి బేసి అంతస్తులకి. సాయంత్రం క్యూ చూస్తే అమ్మగారు అక్కడే కూలబడతారు. గదిలో మంచం పోగా సూట్‌కేసు తెరవడానికి చోటుండదు. భోజనానికి వెళ్లండి, ఉండటం మాత్రం అదే నేథన్ రోడ్డులో లిఫ్టు, కెటిల్ ఉన్న మామూలు హోటల్ చూడండి. ఆ రోడ్డు చదునుగా ఉంటుంది, హాంకాంగ్ ద్వీపం వైపు అన్నీ ఎత్తుపల్లాలే. చుంగ్‌కింగ్ గుమ్మం ముందు సూటు కుట్టిస్తాం, వాచీ కావాలా అని వెంటపడతారు, ఆగకుండా నడిచిపోవడమే.

తిండి విషయంలో ‘కూరగాయలే’ అంటే నమ్మొద్దు. ఆకుకూర మీద కూడా ఆయిస్టర్ సాస్ పోస్తారు, సూప్ నీళ్లు ఎముకలవి, టోఫూలో పంది కీమా దూరుస్తారు. ఉప్మా మిక్స్, పొడులు, పులిహోర ముద్ద పట్టుకెళ్లండి.

పీక్‌కి ట్రామ్ క్యూ వదిలేసి సెంట్రల్ నుంచి 15 నంబరు బస్సు ఎక్కండి, కొండ మలుపులు మీ నాన్నగారికి నచ్చుతాయి. పైన టికెట్టు పెట్టి డాబా ఎక్కక్కర్లేదు, లూగార్డ్ రోడ్డు దాదాపు చదును, మెల్లగా నడిస్తే ఊరంతా ఉచితంగా కనిపిస్తుంది. పెద్ద బుద్ధుడి దగ్గర 268 మెట్లు, అమ్మగారికి కింద నుంచే దండం పెట్టిస్తే సరి. మకావ్‌కి కూడా మనకి వీసా అక్కర్లేదు, వెళ్లొచ్చు.

కౌలూన్_కోడలు:
మకావ్ విషయంలో నేను ఒప్పుకోను. వెళ్లేటప్పుడు రెండు ఇమిగ్రేషన్ క్యూలు, వచ్చేటప్పుడు రెండు, పడవ గంట. మోకాళ్ల నొప్పులున్నామె రోజంతా నిలబడటానికా? ఆ రోజు ఖాళీగా ఉంచండి.

గోదావరిగట్టు:
అందరికీ థ్యాంక్స్. రెండు పార్కులూ, మకావ్ కొట్టేశాను, చుంగ్‌కింగ్ కూడా. ట్రామ్ సంగతి చెప్తే నాన్న అప్పుడే యూట్యూబ్‌లో వీడియోలు చూస్తూ, హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ తోలిన రోజులు మొదలుపెట్టారు. మెట్రోలో అమ్మకి ఇబ్బంది ఉంటుందా? అక్టోబరు మొదట్లో వెళ్తే వాన ఏమైనా ఉంటుందా?

పాస్‌పోర్ట్_పంతులు:
అక్టోబరు 1 నుంచి వారం రోజులు వద్దు, చైనా జాతీయ దినం సెలవులు, జనం విరుచుకుపడతారు, గదుల రేట్లు కూడా పెరుగుతాయి. నెల మధ్య తర్వాత చూసుకోండి. తుఫాను రాదని చెప్పలేం, 8 నంబరు సిగ్నల్ వేశారంటే బస్సులు, ఫెర్రీలు ఆగిపోతాయి, షాపులు మూసేస్తారు, గదిలోనే ఉండాలి, అందుకని ఆ పొడులూ ఉప్మా మిక్సూ మర్చిపోవద్దు. మెట్రోలో ఎస్కలేటర్లు మన మాల్స్‌లో కంటే వేగం, అమ్మగారిని లిఫ్టులోనే తీసుకెళ్లండి, ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు ఏ ఎగ్జిట్ దగ్గరుందో మ్యాప్‌లో రాసి ఉంటుంది. లోపల నీళ్లు తాగినా ఫైన్ వేయొచ్చు. దిగగానే ముగ్గురికీ ఆక్టోపస్ కార్డులు (మెట్రో, బస్సు, ట్రామ్ చార్జీలు కట్టే కార్డు) మూడు కొనండి, ఒక కార్డు ముగ్గురికి పనిచేయదు.