ప్రవేశపత్రం మీద 114వ సంవత్సరం: తైవాన్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

చిత్తూరు మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను చిత్తూరు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మా చిన్నమ్మాయికి తైవాన్‌లోని షిన్‌చూ నగరంలో సెమీకండక్టర్ల మీద పరిశోధన చేయడానికి సీటు వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. అక్కడినుంచి వచ్చిన కాగితాల్లో ఒకదాని మీద విద్యా సంవత్సరం అన్నచోట 114 అని ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. అమ్మాయి అక్కడి సీనియర్లను అడిగి, అది వాళ్ళ సంవత్సరాల లెక్క అనీ, మన 2025 వాళ్ళకు 114 అనీ చెప్పింది. అప్పటినుంచి ఈ అంకె నన్ను వదలడం లేదు.

మా వైపు తైవాన్ పేరు తెలియనివారు లేరు. తోటల్లో తైవాన్ జామ ఉంది, మందు కొట్టే పంపును తైవాన్ పంపు అంటారు, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఉంది. అయినా అమ్మాయి తైవాన్ వెళుతోందని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "అంటే చైనాకేనా?" కాదని చెబుతున్నాను గానీ, ఆ తరువాతి వాక్యం నా దగ్గర లేదు. ఇన్నేళ్ళు పటం మీద కర్ర పెట్టి చూపించిన ద్వీపం గురించి నాకు తెలిసింది రెండు ముక్కలేనని ఇప్పుడు బాధగా ఉంది. ఆ నేల ఎలాంటిది, అక్కడి మనుషులు ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఈ 114 ఎక్కడ మొదలైంది? ఓపికగా వివరించగలవారికి ముందుగానే కృతజ్ఞతలు.

తిరుపతి అధ్యాపకురాలు:

మాస్టారుగారికి నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. మీ ప్రశ్నకు జవాబు ఆ అంకెలోనే ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

చైనాలో చక్రవర్తుల పాలన కూలిపోయి, 1912లో 'చైనా రిపబ్లిక్' ఏర్పడినప్పుడు, ఆ ఏడాదిని ఒకటో సంవత్సరంగా లెక్కపెట్టడం మొదలైంది. అందుకే 1911కి 114 కలిపితే మీకు 2025 వస్తుంది. అయితే అసలు విశేషం ఏమిటంటే, ఆ ఒకటో సంవత్సరంలో తైవాన్ ఆ రిపబ్లిక్‌లో లేదు. జపాన్‌తో యుద్ధంలో ఓడిన చైనా చక్రవర్తుల చింగ్ వంశం 1895లో షిమోనోసెకి ఒప్పందం ద్వారా ఆ ద్వీపాన్ని జపాన్‌కు అప్పగించింది. తైవాన్ ఈ లెక్కలోకి వచ్చింది 34వ ఏట, అంటే 1945లో, జపాన్ రెండవ ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన తరువాత. మరో నాలుగేళ్ళకు, 1949లో, ఆ రిపబ్లిక్ ప్రభుత్వమే అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయి, చియాంగ్ కై షేక్ నాయకత్వంలో సైన్యంతో, ఉద్యోగులతో, వారి కుటుంబాలతో సముద్రం దాటి తైవాన్ చేరింది. అలా వచ్చినవారు పది లక్షలకు పైమాటే. పుట్టిన నేలను పోగొట్టుకున్న ఒక రాజ్యం, తాను పుట్టినప్పుడు తనది కాని ద్వీపంలో ఇంకా తన వయసును లెక్కపెట్టుకుంటోంది. "చైనాకేనా?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి మూలం ఇదే.

ఇక వెనక్కి వెళదాం. వేల ఏళ్ళుగా అక్కడ ఉన్నవారు ఆస్ట్రోనేషియన్ భాషలు మాట్లాడే ఆదిమ ప్రజలు. పడమట మడగాస్కర్ నుంచి తూర్పున ఈస్టర్ ద్వీపం దాకా వ్యాపించిన ఆ భాషాకుటుంబపు ప్రధాన శాఖల్లో ఎక్కువ భాగం ఈ చిన్న ద్వీపంలోనే కనిపిస్తాయి. అందువల్ల ఆ కుటుంబం ఇక్కడినుంచే సముద్రాల మీదికి విస్తరించిందని భాషావేత్తల్లో ఎక్కువమంది భావిస్తారు. మలయ్, హవాయి, న్యూజిలాండ్ మావోరీ భాషలన్నిటికీ పుట్టిల్లు తైవాన్ అన్నమాట. మాస్టారూ, నన్ను అడిగితే ఆ ద్వీప చరిత్రలో అన్నిటికన్నా గొప్ప అధ్యాయం ఇదే, కానీ అందరూ మొదట మరచిపోయేది కూడా ఇదే.

పోర్చుగీసు నావికులు దానిని 'ఇల్యా ఫొర్మోజా', అంటే అందమైన ద్వీపం అన్నారు. 1624లో డచ్చివారు నైరుతి తీరంలో, నేటి తైనాన్ దగ్గర కోట కట్టుకున్నారు. స్పెయిన్‌వారు 1626లో ఉత్తర తీరానికి వచ్చి, 1642లో డచ్చివారి చేతిలోనే ఓడి వెళ్ళిపోయారు. జింక తోళ్ళు, చక్కెర డచ్చివారి వ్యాపారం. చెరకు, వరి సాగుకు ఎదురుతీరంలోని ఫూజియన్ నుంచి వాళ్ళు చైనా రైతులను పెద్ద సంఖ్యలో రప్పించారు. చైనాలో పతనమైన మింగ్ వంశానికి విధేయుడైన కోక్సింగా 1661లో దండెత్తి వచ్చి, మరుసటి ఏడాది డచ్చివారిని వెళ్ళగొట్టాడు. 1683లో చింగ్ వంశం అతని మనవడి నుంచి ద్వీపాన్ని తీసుకుని 212 ఏళ్ళు ఏలింది. అయినా ఆ పాలన ఎక్కువగా పడమటి మైదానం వరకే సాగింది. కొండలు ఆదిమ ప్రజల చేతిలోనే ఉండిపోయాయి.

జపాన్ ఏలుబడి 50 ఏళ్ళు. రైళ్ళు, ఓడరేవులు, బడులు, ఆనకట్టలు కట్టింది. ఎదురు తిరిగినవారిని నిర్దాక్షిణ్యంగా అణచివేసింది. నేతాజీ ప్రయాణిస్తున్న విమానం 1945 ఆగస్టు 18న కూలినట్లు మన పుస్తకాల్లో చదివే తైహోకు, జపానువాళ్ళ కాలంలో తైపేకు ఉన్న పేరే.

1945 తరువాతి కథ విషాదం. 1947 ఫిబ్రవరి 27 సాయంత్రం తైపేలో సిగరెట్లు అమ్ముకునే ఒక స్త్రీని తనిఖీ సిబ్బంది కొట్టారు, అడ్డుకున్న జనం మీదికి కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. మరునాడు తైపే తిరగబడింది, కొద్ది రోజుల్లోనే తిరుగుబాటు ద్వీపమంతా పాకింది. మార్చిలో ప్రధాన భూభాగం నుంచి దిగిన సైన్యం ఆ తిరుగుబాటును నెత్తుటితో అణచివేసింది. 18,000 నుంచి 28,000 మంది దాకా చనిపోయి ఉంటారని 1992లో వచ్చిన ప్రభుత్వ నివేదిక అంచనా వేసింది. ఆ పైన 1949 నుంచి 1987 దాకా, 38 ఏళ్ళు సైనిక శాసనం నడిచింది. ఫిబ్రవరి 28 గురించి ఇంట్లో పిల్లల ముందు కూడా పెదవి విప్పకుండా ఒక తరం బతికింది.

సైనిక శాసనం ఎత్తివేశాక మార్పు వేగంగా వచ్చింది. 1996లో ప్రజలు మొదటిసారి అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకున్నారు, 2000లో మొదటిసారి ప్రతిపక్షం గెలిచింది. ఆ తరువాత కూడా అధికారం ఓట్లతోనే చేతులు మారింది. బయటి ప్రపంచంతో సంబంధం మాత్రం దీనికి తలకిందులుగా సాగింది. 1971లో ఐక్యరాజ్యసమితిలోని చైనా స్థానం బీజింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వానికి వెళ్ళింది, 1979లో అమెరికా కూడా గుర్తింపును బీజింగ్‌కు మార్చుకుంది. ఇవాళ తైవాన్‌తో పూర్తి దౌత్య సంబంధాలున్న దేశాలు పన్నెండే. తైవాన్ తనలో భాగమని బీజింగ్ అంటుంది, కానీ 1949లో ఏర్పడిన ఆ ప్రభుత్వం తైవాన్‌ను ఒక్కరోజు కూడా పాలించలేదు. మన దేశానికీ అక్కడ రాయబార కార్యాలయం లేదు. దాని బదులు 1995 నుంచి తైపేలో 'ఇండియా తైపే అసోసియేషన్' పనిచేస్తోంది, వాళ్ళ కేంద్రం ఢిల్లీలో ఉంది. 2012లో చెన్నైలో కూడా ఒకటి తెరిచారు.

ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన కుటుంబాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మవాళ్ళది అదే పరిస్థితి. అయితే అక్కడ మారింది రాష్ట్రం కాదు, దేశం, రాజభాష, చివరికి సంవత్సరం అంకె కూడా.

పుత్తూరు ఇంజనీరు:

అమ్మగారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను నేల గురించి చెబుతాను. నాది పుత్తూరు. షిన్‌చూలో ఏడేళ్ళు ఉద్యోగం చేసి వచ్చాను.

మాస్టారూ, తైవాన్ విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న మన చిత్తూరు జిల్లాకు రెండున్నర రెట్లు కూడా లేదు. జనాభా మాత్రం 2 కోట్ల 30 లక్షలకు పైన. పొడవు 394 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు తిరుపతి నుంచి విజయవాడకు రైలు దూరం. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 144. చైనా తీరానికి మధ్య ఉన్న జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లు, తిరుపతి నుంచి చెన్నై వెళ్ళేంత. వాళ్ళ ఏలుబడిలోనే ఉన్న కిన్‌మెన్ ద్వీపం నుంచైతే చైనా తీరం కంటికి కనిపిస్తుంది.

ఈ కాస్త నేలలో మూడింట రెండు వంతులు కొండలే. మన హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లయితే, అక్కడి యూషాన్ శిఖరం 3,952 మీటర్లు. మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అందుకే జనమంతా పడమటి మైదానంలో, తైపే నుంచి కావ్‌షియుంగ్ దాకా ఒక పట్టీలా కిక్కిరిసి ఉంటారు. 2007లో వచ్చిన హైస్పీడు రైలు కూడా ఆ పట్టీ వెంటే నడుస్తుంది. తూర్పు తీరంలో హువాలియెన్ వైపు వెళితే కొండ నిటారుగా దిగి నేరుగా సముద్రంలో కాలు పెడుతుంది, రోడ్డుకు కూడా చోటుండదు. కర్కటరేఖ ద్వీపం మధ్యగా, చియాయీ మీదుగా పోతుంది. అయినా శీతకాలంలో యూషాన్ మీద మంచు పడుతుంది.

రెండు భూఫలకాలు ఒకదానినొకటి నెట్టుకోవడం వల్ల పుట్టిన కొండలవి. ఆ నెట్టుడు ఇంకా ఆగలేదు. 1999 సెప్టెంబరు 21 భూకంపంలో సుమారు 2,400 మంది చనిపోయారు. 2024 ఏప్రిల్ 3 ఉదయం ఎనిమిది గంటలకు ముందు హువాలియెన్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు నేను షిన్‌చూలోనే ఉన్నాను. ముందు గదిలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి, తరువాత బల్ల మీది గ్లాసులో నీళ్ళు అంచు దాటి నా కాగితాల మీద పడ్డాయి. అది ఆగాక పక్కింటావిడ తలుపు తట్టి, గ్యాస్ కట్టేశావా అని అడిగి, తన పనికి తాను వెళ్ళిపోయింది.

ఇక మనుషులు. జనాభాలో 95 శాతానికి పైగా హాన్ చైనీయులే అయినా వాళ్ళంతా ఒకటి కాదు. ఫూజియన్ నుంచి వచ్చిన హోక్లోలు ఎక్కువ, తరువాత హక్కాలు, ఆపైన 1949లో వచ్చినవారు. పటంలో ద్వీపం మన గెనుసుగడ్డలా ఉంటుంది కాబట్టి పాతకాపులు తమను గెనుసుగడ్డలని, 1949లో వచ్చినవారిని చేమగడ్డలని పిలుచుకునేవారు. ఇప్పుడు పెళ్ళిళ్ళతో ఆ రెండూ కలిసిపోయాయి. మా ఇంటి యజమాని తల్లికి తొంభై ఏళ్ళు. ఆమె హోక్లో మాట్లాడేది, లెక్కలు మాత్రం జపనీసులో వేసుకునేది. కొడుకు బడిలో మాండరిన్ నేర్చుకున్నాడు, ఆ బడిలో హోక్లో మాట్లాడితే శిక్ష ఉండేది. మనవడికి మాండరిన్ తప్ప మరొకటి సరిగ్గా రాదు. తెలుగు, తమిళం ఒకే వంటింట్లో వినబడే మన జిల్లా నుంచి వెళ్ళిన నాకు ఆ నాయనమ్మా మనవళ్ళు సైగలతో మాట్లాడుకోవడం చూసి మనసు కలుక్కుమనేది.

వాళ్ళ దేవతల్లో సముద్రదేవత మాజు ముఖ్యం. వసంతంలో తైచుంగ్ దగ్గరి దాజియా గుడి నుంచి ఆమె పల్లకి వెంట తొమ్మిది రోజులు మూడు వందల కిలోమీటర్లకు పైగా నడుస్తారు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలతో నడిచి వచ్చే గోవిందమాల భక్తులకు మా పుత్తూరు రోడ్డు మీద మజ్జిగ పోసినట్టే, అక్కడ దారి పొడుగునా ఇళ్ళముందు బల్లలు వేసి తిండీ నీళ్ళూ పెడతారు, డబ్బు పుచ్చుకోరు.

చంద్రగిరి వ్యవసాయం:

నేను వ్యవసాయశాఖలో పనిచేసినవాణ్ణి. ఒక్క విషయం చేర్చుతాను. తైవాన్ మన వైపు వచ్చింది జామతో, పంపుతో కాదు మాస్టారూ, వరితో. 'డీ జియో వూ జెన్' అనే అక్కడి పొట్టి వరి రకం నుంచి తైచుంగ్ పరిశోధనా కేంద్రం 1956లో 'తైచుంగ్ నేటివ్ 1' తెచ్చింది. ఎరువు వేసినా పడిపోని ఆ వరి 1960లలో మన దేశానికి వచ్చింది. ఆకు ఎండు తెగులుకు అది తట్టుకోలేకపోయింది కానీ, దాన్ని తల్లిగా పెట్టి హైదరాబాద్‌లో తీసిన 'జయ' 1968లో విడుదలై మన పొలాలను నింపింది. హరిత విప్లవంలో పేరుపొందిన ఐ.ఆర్. 8 వరికి కూడా తండ్రి ఆ డీ జియో వూ జెన్ రకమే.

నీటి సంగతి కూడా మన రాయలసీమవాళ్ళు తెలుసుకోవలసిందే. వాన ఏడాదికి సగటున 2,500 మిల్లీమీటర్లు, మనకు మూడు రెట్లు దాకా. అయినా నదులు పొట్టివి, నిటారువి, పడ్డ నీరు గంటల్లో సముద్రం చేరుతుంది. జపానువాళ్ళ కాలంలో హత్తా యోఇచి అనే ఇంజనీరు తైనాన్ దగ్గర ఊషాన్‌తోవ్ జలాశయం, చియానాన్ కాలువలు కట్టించాడు. 1930లో పూర్తయ్యాయి. ఆయకట్టు మొత్తానికి ఏటా వరికి నీరు చాలదు కాబట్టి మూడేళ్ళ వంతు పెట్టారు: ఒక ఏడు వరి, ఒక ఏడు చెరకు, ఒక ఏడు ఆరుతడి పంట. కాలువ చివరి రైతుకూ నీరు అందాలన్నదే అందులో పట్టుదల. 2020లో ఒక్క తుఫానూ ద్వీపాన్ని తాకకపోవడంతో 2021లో సెమీకండక్టర్ చిప్‌ల ఫ్యాక్టరీలు ట్యాంకర్లతో నీరు తెచ్చుకున్నాయి, వేల ఎకరాల వరికి నీరు ఆపేశారు. అక్కడి రైతులకు పరిహారం ఇచ్చారు, అయినా ఎండిన మడి చూసిన రైతు బాధ ఎక్కడైనా ఒకటే.

చిత్తూరు మాస్టారు:

ముగ్గురికీ నా నమస్సులు. మీ జవాబులన్నీ ప్రింటు తీసి అమ్మాయికి చదివి వినిపించాను. రెండు సందేహాలు మిగిలాయి. ఆదిమ ప్రజలు ఇప్పుడు ఎందరున్నారు? ఇంత చిన్న నేలలో ఇంతమంది ఉంటే, జనాభా ఇంకా పెరుగుతూనే ఉందా?

తిరుపతి అధ్యాపకురాలు:

ఆదిమ ప్రజలు సుమారు ఆరు లక్షలు, జనాభాలో రెండున్నర శాతం పైచిలుకు. ప్రభుత్వం గుర్తించిన తెగలు 16, వారిలో ఆమిస్‌లు ఎక్కువ. మైదానంలోని తెగలు చాలావరకు హాన్ రైతులలో కలిసిపోయి భాష పోగొట్టుకున్నాయి. 2016లో అధ్యక్షురాలు సాయ్ ఇంగ్‌వెన్ నాలుగు వందల ఏళ్ళ అన్యాయానికి ప్రభుత్వం తరఫున వారికి క్షమాపణ చెప్పారు. 1624 నుంచి లెక్కపెడితే ఆ నాలుగు వందల అర్థం మీకు తెలుస్తుంది.

పుత్తూరు ఇంజనీరు:

జనాభా తగ్గుతోంది మాస్టారూ. 2020లో మొదటిసారి పుట్టినవారికన్నా చనిపోయినవారు ఎక్కువయ్యారు. స్త్రీకి సగటున ఒక్క బిడ్డ కూడా లేదు, ప్రపంచంలో అతి తక్కువ జననరేట్లలో అదొకటి. ఇళ్ళ ధరలు, సుదీర్ఘమైన పనిగంటలు, ఆలస్యపు పెళ్ళిళ్ళు కారణాలుగా నా సహోద్యోగులే చెప్పేవారు. మా వీధిలో ఉన్న బాలవాడి నేనుండగానే వృద్ధుల సంరక్షణ కేంద్రమైంది. ముసలివారిని చక్రాల కుర్చీలో పార్కుకు తెచ్చేది ఎక్కువగా ఇండోనేషియా అమ్మాయిలు. వియత్నాం, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ నుంచి కూడా లక్షల్లో పనివారు ఉన్నారు. మన దేశంతో కూడా 2024 ఫిబ్రవరిలో పనివారి విషయమై అవగాహన ఒప్పందం జరిగింది.

చివరిగా అమ్మాయికి ఒక మాట. షిన్‌చూను అక్కడివాళ్ళు గాలి నగరం అంటారు. అక్టోబరు నుంచి జలసంధి మీదుగా ఈశాన్యపు గాలి మొదలై నెలల తరబడి ఆగదు, గొడుగు వెనక్కి తిరగబడి ఊచలు విరుగుతాయి. గాలి చొరబడని వానకోటు ఒకటి పెట్టెలో పైనే ఉంచమనండి.