‘పోర్టు మ్యాపింగ్’కు మన వైపు మాట: రేవా, తూమా?

అమలాపురం నుంచి ప్రశ్న:
రొయ్యల రైతుల సహకార సంఘానికి సభ్యత్వ వెబ్‌సైటు కడుతున్నాం. ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం) పనిలో కొత్తగా చేరేవాళ్లు డాకర్ (ప్రోగ్రాములను ‘కంటైనర్’ అనే విడి డబ్బాల్లో నడిపే సాధనం) సెటప్ సొంతంగా చేసుకునేలా సూచనలు తెలుగులో రాస్తున్నాం. ‘కంటైనర్ పోర్టును హోస్ట్ పోర్టుకు మ్యాప్ చేయండి’ దగ్గర పేచీ వచ్చింది. పోర్టంటే ప్రోగ్రాము పిలుపులు అందుకునే అంకె, హోస్ట్ అంటే మన కంప్యూటరు. ‘రేవు కలపండి’ అందామని కొందరు, ఇంగ్లీషు మాటే ఉంచుదామని కొందరు. పెద్దలు చెప్పాలి.

నరసాపురం నుంచి:
రేవు వద్దండి. రేవంటే పడవ ఆగే చోటు, జనం దిగే చోటు. దానికి ఒడ్డు ఒక్కటే. ఇక్కడ కావలసింది అటూ ఇటూ రెండు నోళ్లున్న మాట. గట్టు కింద నుంచి కాలువ నీళ్లు చేలోకి పోయేది తూము. 8080:5173 అని రాస్తే ఎడమ అంకె మన కంప్యూటరు వైపు నోరు, కుడి అంకె కంటైనర్ వైపు నోరు. ‘తూము పెట్టండి’ అంటే ఏ అంకె ఎటుందో చూడాలన్న ఆలోచన చదివేవాడికి దానంతటదే వస్తుంది. బ్రౌజరులో కొట్టాల్సింది ఎడమ అంకె, అంటే 8080.

కాకినాడ నుంచి:
మ్యాపింగ్‌కు తూము బాగుంది. అంకెను మాత్రం పోర్టనే అనండి. ధవళేశ్వరం లాకుల్లో ‘లాకు’ ఇంగ్లీషు మాటే, డెల్టాలో దాన్ని పరాయి మాట అనుకునేవారు ఎవరున్నారు?

అయితే మాట ఒక్కటి కుదిరితే చాలదు, దాని వెనకున్న పని కూడా రాయాలి. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్‌ను, అంటే కంటైనర్‌కు అచ్చును, కట్టే సూచనల ఫైలు) ‘ఎక్స్‌పోజ్ 5173’ అని రాసినంత మాత్రాన తూము పడదు. అది ఏ పోర్టు వాడతారో చెప్పే గుర్తు మాత్రమే. కంపోజ్ ఫైల్లో (కంటైనర్లను కలిపి నడిపే సూచనలు) ‘పోర్ట్స్’ కింద రాస్తే తూము పడుతుంది. పడ్డాక కూడా పేజీ రాకపోతే వీట్ (ఫ్రంటెండ్ కోడును నడిపి చూపే సాధనం) వైపు చూడండి. వీట్ డెవ్ సర్వరు మామూలుగా లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. కంటైనర్‌లో అది కంటైనర్ సొంత గది కాబట్టి బయటి నుంచి వచ్చే పిలుపు దానికి చేరదు. వీట్ సెట్టింగుల్లో ‘సర్వర్.హోస్ట్’ విలువ 0.0.0.0 (అన్ని వైపుల నుంచీ విను) అని పెట్టాలి. ఆ తర్వాత కంపోజ్‌లో వట్టి 5173:5173 బదులు 127.0.0.1:5173:5173 రాయండి. లేకపోతే ఆఫీసు వైఫైలో ఉన్న ఇతర కంప్యూటర్లకూ పేజీ తెరుచుకోవచ్చు.

‘లోకల్‌హోస్ట్’కు ‘ఈ కంప్యూటరు’ అని అర్థం రాస్తే తప్పుదారి పడతారు. ‘ఎవరు పలికితే వారి ఇల్లు’ అని రాయండి. సభ్యుల వివరాలిచ్చే సర్వీసు పేరు ‘ఏపీఐ’, పోర్టు 3000 అనుకుందాం. కంటైనర్లు ఒకదాన్నొకటి ఆ పేరుతోనే పిలుచుకుంటాయి. బ్రౌజరు మాత్రం కంటైనర్ల బయట ఉంటుంది, దానికి ఆ పేరు తెలియదు. అందుకే వీట్ ప్రాక్సీలో (పిలుపును మరో చోటికి పంపే ఏర్పాటు) ‘/ఏపీఐ’ దారిని ఆ సర్వీసుకు మళ్లించాలి. బ్రౌజరుకు చిరునామా ఒక్కటే కనిపిస్తుంది కనుక లాగిన్ కుకీ (లాగిన్‌ను గుర్తుంచుకునే చీటీ) కూడా పేచీ పెట్టదు.

భీమవరం నుంచి:
మీ చిత్తుప్రతిలో ‘మౌంట్’కు ‘ఎక్కించు’ అని చూశాను. దయచేసి ‘కప్పు’ అనండి. మన ఫోల్డర్‌ను కంటైనర్‌లోని ‘/యాప్’ మీద మౌంట్ చేస్తే, ఇమేజ్ కట్టినప్పుడు అక్కడ పడిన ‘నోడ్ మాడ్యూల్స్’ (దించుకున్న ప్యాకేజీల ఫోల్డర్) చెరిగిపోదు, కింద కప్పబడిపోతుంది. ‘ఎన్‌పీఎం సీఐ’ (ప్యాకేజీలు దించే ఆదేశం) అంతా సవ్యంగా జరిగినా ‘వీట్ దొరకలేదు’ అనే తప్పు రావడానికి కారణం ఇదే. మందు: ‘/యాప్/నోడ్_మాడ్యూల్స్’కు విడిగా ఒక వాల్యూమ్ (డాకర్ దాచి ఉంచే చోటు) ఇవ్వడం. విండోస్‌లో పడిన మాడ్యూళ్లను లోపలికి పంపితే పని జరగదు. ఈఎస్‌బిల్డ్, రోలప్ వంటి కోడు కట్టే సాధనాలు ఒక్కో వ్యవస్థకు ఒక్కో బైనరీ (నేరుగా నడిచే ఫైలు) దించుకుంటాయి, రోలప్‌కైతే ఆల్పైన్‌ (ఒక చిన్న లినక్స్) బైనరీ మరీ వేరు. ‘.డాకర్‌ఇగ్నోర్’లో (ఇమేజ్‌లోకి వెళ్లకూడనివి రాసే ఫైలు) నోడ్ మాడ్యూల్స్, ‘.ఎన్వ్’, ‘.గిట్’ మూడూ రాయండి.

విండోస్ వాళ్లకు ఇంకో మాట చేర్చండి. కోడు సీ డ్రైవ్‌లో ఉంటే ఫైలు మారిన కబురు కంటైనర్‌కు అందదు, పేజీ తాజా కాదు. కోడును డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) ఫైల్ వ్యవస్థలోకి మార్చడం మేలు. ‘యూజ్‌పోలింగ్’ (ఫైళ్లు మారాయా అని మాటిమాటికీ చూడడం) పెట్టినా నడుస్తుంది కానీ ప్రాసెసర్ ఊరికే తిరుగుతుంది.

అమలాపురం నుంచి:
తూము, కప్పు రెండూ తీసుకున్నాం. ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్’కు (ప్రోగ్రాముకు బయటి నుంచి ఇచ్చే విలువ) ‘పరిసర చరరాశి’ అని ఉంది, ఉంచమంటారా?

కాకినాడ నుంచి:
తీసేయండి. లెక్కల పుస్తకంలోని మాట ఇక్కడ ఎవరికీ తట్టదు. ‘ఎన్వ్ విలువ’ చాలు. దాని పక్కనే హెచ్చరిక పెట్టండి: ‘వీట్_’తో మొదలయ్యే పేరుకు ఇచ్చిన విలువను కోడులో వాడితే అది బ్రౌజరుకు వెళ్లిపోతుంది, ఎవరైనా చూడొచ్చు. సభ్యత్వ రుసుము కట్టించుకునే గేట్‌వే (చెల్లింపు సేవ) రహస్య కీని అలాంటి పేరుతో ఎప్పుడూ పెట్టకూడదు. దాని చోటు సర్వరే.

భీమవరం నుంచి:
వాల్యూమ్‌ను ‘నిల్వ’ అనొచ్చు, అది ఖాళీ చేస్తే తప్ప ఖాళీ కాదని తెలుస్తుంది. కొత్త ప్యాకేజీ చేర్చి ఇమేజ్ మళ్లీ కట్టినా పాత నోడ్ మాడ్యూల్సే కనిపించడానికి కారణం అదే. నడుస్తున్న కంటైనర్‌లోనే ‘ఎన్‌పీఎం సీఐ’ నడిపితే సరిపోతుంది. ‘కంపోజ్ డౌన్’కు (కంటైనర్లను ఆపి తీసేసే ఆదేశం) నిల్వలనూ చెరిపే ‘-వీ’ తగిలించమని మాత్రం సూచనల్లో రాయకండి. అదే ఫైల్లో డేటాబేస్ నిల్వ ఉంటే, పరీక్ష కోసం ఎక్కించుకున్న సభ్యుల జాబితా కూడా దాంతోపాటే పోతుంది.